ముందు ఎద్దులు... ఆనకే బండి!

శుక్రవారం సాయంత్రమైతే చాలు, మా ఇంట్లో సంచులు సర్దుడు మొదలవుతుంది. మదనపల్లె నుంచి పుంగనూరు, అక్కణ్నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దగ్గర మా నాన్న ఉండే పల్లె. ఎంత తొందరపడినా మూడు గంటలు. మా పాప పలమనేరు దాటకముందే నిద్రపోతుంది. చిన్నోడు మాత్రం ‘తాతయ్య ఊరొచ్చిందా?’ అని దారి పొడవునా అడుగుతూనే ఉంటాడు. ఆదివారం సాయంత్రం మళ్లీ అదే దారి, వెనక్కి.

మా ఆయన బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని మదనపల్లె వచ్చేశారు. ఆ తర్వాత నెలకు రెండు మూడు రోజులు ఆఫీసుకు వెళ్తే చాలన్నారు వాళ్లు. నేనా... పత్రికలో పనిచేసేదాన్ని. కాగితం, కలం, ఫోను ఉంటే ఎక్కడైనా రాసుకోగలను. అంటే మా ఇద్దరి పనికీ కాళ్లున్నాయి. కానీ ఆ కాళ్లు కుప్పం దాకా మాత్రం వెళ్లేవి కావు. నాన్న ఇల్లు రెండు గదులు, ఓ వసారా. అక్కడ ఆయన మీటింగులో కూర్చోవాలంటే పశువుల కొట్టమే గతి. ఓసారి అమెరికా వాళ్లతో మాట్లాడుతుండగా వెనక నుంచి ఆవు ‘అంబా’ అంది. ‘మీ మేనేజరా?’ అని అవతలి వాళ్లు నవ్వారట!

నవ్వుకుని ఊరుకునేవాళ్లమే. కానీ అమ్మ పోయిన రెండో ఏడాది కార్తీకమాసంలో నాన్న బాత్రూములో జారి పడ్డారు. రెండు గంటలపాటు ఎవరికీ తెలియలేదు. పాలు పోయించుకోవడానికి వచ్చిన పక్కింటి పిన్ని చూసి కేకలేస్తే నలుగురూ వచ్చి లేపారు. ఎముక విరగలేదు. దేవుడి దయ. కానీ ఆ రెండు గంటలు మాత్రం నాకు ఇప్పటికీ గుండెలో ముల్లే.

‘‘మా దగ్గరికి వచ్చేయి నాయనా’’ అన్నాను.

‘‘వస్తే ఈ ఆవును ఎవురు చూస్తారు? మీయమ్మ నాటిన టెంకాయ చెట్లకు నీళ్లెవురు పోస్తారు? మూడు దినాలైతే వస్తా, మూడేండ్లంటే నా వల్ల కాదు’’ అన్నారు.

ఆయన రారు. మేమక్కడ రెండు రోజులకు మించి ఉండలేం. మధ్యలో వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. సరిగ్గా అలాంటి రోజుల్లో మా ఆయన ఓ రాత్రి ఫోను నా ముందు పెట్టారు. అమెరికాలో ఉండే ఆయన స్నేహితుడు పంపిన వీడియో అది. కారు వెనక తగిలించుకున్న తెల్లటి పెట్టెలాంటి ఇల్లు... లోపల మంచాలు, వంటగట్టు, టేబుల్, కిటికీలోంచి కొండలు!

‘‘ఇదీ మనకు కావాల్సింది’’ అన్నారు. ‘‘వారమంతా మీ నాన్న వాకిట్లో ఆఫీసు. సెలవుల్లో పిల్లలతో హార్స్‌లీ కొండ!’’

మదనపల్లెలో స్థలం కొందామని దాచుకున్న తొమ్మిది లక్షలు బ్యాంకులో ఉన్నాయి. ఇద్దరి గుండెలూ ఒక్కసారే కొట్టుకున్నాయి.

డేరా కచేరీల వారసులం

ఇంజిను ఉండి, తనంతట తాను నడిచే ఇంటిబండి ఒక రకం. మన సినిమావాళ్లు వాడే కారవాన్లు దాదాపు అవే. ఇంజిను లేకుండా కారు వెనకో జీపు వెనకో లాక్కెళ్లేది రెండో రకం. అదే ట్రైలర్. ఊరు చేరాక దాన్ని విప్పి ఓ చోట నిలబెట్టి, కారులో ఎక్కడికైనా వెళ్లిరావచ్చు. మాకు నచ్చింది ఆ సౌకర్యమే.

అమెరికాలో వాలీ బయామ్ అనే ఆయన 1931లో ‘ఎయిర్‌స్ట్రీమ్’ కంపెనీ పెట్టాడు. 1936లో విమానంలా నిగనిగలాడే అల్యూమినియం ట్రైలర్ తెచ్చాడు. అంతకన్నా ముందే, 1885లో, బ్రిటన్‌లో గోర్డన్ స్టేబుల్స్ అనే రచయిత ‘వాండరర్’ అనే చక్రాల ఇల్లు కట్టించుకుని దేశం తిరిగాడు. దారిలోనే రాసుకునేవాడు. అంటే, ఇంటి నుంచి పని అప్పుడే మొదలైందన్నమాట! ఆ బండిని గుర్రాలు లాగేవి. ఎదురొచ్చేవాళ్లను హెచ్చరించడానికి ఆయన సేవకుడు మూడు చక్రాల సైకిల్ తొక్కుతూ ముందు వెళ్లేవాడు.

అయితే ఇదంతా తెల్లవాళ్ల సరదా అనుకుంటే పొరపాటే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో, పల్లకీలతో, డేరాలతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. పదిహేను నెలలకు పైగా మజిలీ తర్వాత మజిలీ! చూసిందల్లా రాస్తూనే వెళ్లారు. అదే ‘కాశీయాత్ర చరిత్ర’. ఇక దొరల కాలంలో కలెక్టర్లు ఊరూరా డేరాలు వేయించుకుని ఫైళ్లు చూసేవాళ్లు. ఈనాటికీ మనం ‘క్యాంపు ఆఫీసు’ అంటున్నది ఆ వాసనే. మా హార్స్‌లీ కొండకు ఆ పేరొచ్చిందీ అలాగే. కడప కలెక్టరు హార్స్‌లీ దొర ఏనుగు మల్లమ్మ కొండ చల్లదనానికి మురిసి, దాన్ని వేసవి విడిదిగా చేసుకున్నాడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోదే మరి.

ఇన్ని ఉదాహరణలు పోగేశాక ఇంక ఆగుతామా!

ఎవరి కోరిక వారిది

ఆ ఆదివారం నాన్న వసారాలో అందరం కూర్చుని జాబితా రాశాం. పాపకు మేడమంచం కావాలి. చిన్నోడికి పైకప్పులో కిటికీ కావాలి. అత్తయ్యకు దేవుడి అర కావాలి. ‘‘బాత్రూముకు దూరంగా ఉండాలమ్మాయ్’’ అని షరతు కూడా. మా ఆయనకు ఏసీ, రెండు స్క్రీన్లు పట్టే టేబుల్. నాకు నాలుగు పొయ్యిలు కాకపోయినా రెండు పొయ్యిల గట్టు, చిన్న ఫ్రిజ్. అన్నీ కలిపితే ఇరవై రెండు అడుగుల ట్రైలర్ తేలింది.

నాన్న అంతసేపూ వక్కాకు నములుతూ విన్నారు. చివరికి ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

‘‘అంతా బాగుండాది గానీ అల్లుడూ... దీన్ని లాగే ఎద్దులు యాడ?’’

మా ఆయన కారు చూపించారు.

‘‘అది దూడ’’ అన్నారు నాన్న. ‘‘బండి చేయించేటప్పుడు ముందు ఎద్దుల్ని చూడల్ల. వాటి మెడ ఎంత మోస్తుందో తెలిసినాకనే బండి. మా నాయన కాలం నుంచీ అదే లెక్క.’’

అందరం నవ్వేశాం. ఆ మాట విలువ పుంగనూరు కాటా దగ్గర తెలిసింది.

కాటా అబద్ధమాడదు

పుంగనూరు దాటాక ఓ మామిడితోటలో పాత ట్రైలర్ అమ్మకానికి ఉందని తెలిసింది. పదిహేను అడుగులది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. చెక్క అల్మారాలు, నేలకు టైల్స్, వంటగట్టుకు నల్లటి గ్రానైట్ పలక! ధర ఆరున్నర లక్షలు. బరువెంతని అడిగితే ‘‘ఏడువందల యాభై కిలోలండీ. కాగితంలో ఉంది’’ అన్నారు అమ్మే ఆయన. మా ఆయన అప్పుడే చెక్కుపుస్తకం కోసం జేబు తడుముకుంటున్నారు.

నాకెందుకో నాన్న మాట గుర్తొచ్చింది. ‘‘ఓసారి కాటా వేయిద్దామా?’’ అన్నాను. టమోటా లారీలు బారులు తీరే ప్రాంతం మాది. వేబ్రిడ్జీలకు కొదవలేదు. అమ్మే ఆయన ఏమీ అనుకోకుండా తన జీపుకే తగిలించి తీసుకొచ్చారు. జీపు విప్పేసి, ఒక్క ట్రైలర్‌నే కాటా మీద నిలబెట్టాం. అంకెలు కాసేపు ఊగి ఆగాయి... 1,180!

ఆయన మోసగాడేం కాదు. కొన్ననాటి కాగితంలో ఉన్న అంకె చెప్పారంతే. ఆ తర్వాత ఆయన చేర్చిన అల్మారాలు, టైల్స్, గ్రానైట్ ఆ కాగితానికి తెలియవు కదా! పాపం, ఆయనే మాకన్నా ఎక్కువ ఆశ్చర్యపోయారు.

అక్కడే తారు రోడ్డు పక్కన నిలబడి లెక్క వేసుకున్నాం. ట్రైలర్‌కు ఖాళీ బరువు ఒకటి, సామాన్లతో కలిపి మోయగల గరిష్ఠ బరువు ఇంకొకటి. ఈ రెండిటి మధ్య తేడాయే మనం నింపుకోగలిగింది. లీటరు నీళ్లు కిలో. నలుగురం ఎంత పొదుపుగా వాడినా మనిషికి రోజుకు ఇరవై లీటర్లు. రెండు రోజులకు 160 కిలోలు నీళ్లే! పరుపులు, గ్యాసు సిలిండరు, బ్యాటరీలు, వంట సామాన్లు, బట్టలు, పిల్లల సైకిళ్లు... ఎంత తగ్గించినా మొత్తం పదిహేను వందలకు చేరింది. మా కారు బరువే తొమ్మిది వందల కిలోలకు అటూ ఇటూ. పైగా కారుతో ఇచ్చిన పుస్తకంలో ఎంత బరువు లాగవచ్చో ఎక్కడా రాసి లేదు. రాయలేదంటే లాగొచ్చని కాదు, లాగకూడదని అర్థం చేసుకోవడమే క్షేమం.

లాగడం ఒక ఎత్తు, ఆపడం ఇంకో ఎత్తు. కొండ దిగేటప్పుడు వెనక ఉన్న బరువు కారును ముందుకు తోస్తుంది. అందుకే ట్రైలర్‌కు సొంత బ్రేకులుండాలి. యూరప్ దేశాల్లో మొత్తం బరువు 750 కిలోలు దాటని ట్రైలర్లకు బ్రేకులు లేకపోయినా ఒప్పుకొంటారు. కానీ ఘాట్ రోడ్లున్న మనలాంటి చోట్ల చిన్నదానికైనా బ్రేకులుంటేనే నిద్రపడుతుంది.

ఇంకో సంగతి... ముక్కు బరువు. అంటే కారు కొక్కెం మీద ట్రైలర్ మోపే బరువు. మొత్తంలో పది నుంచి పదిహేను శాతం ఉండాలని అమెరికావాళ్లు చెబుతారు. యూరప్‌లో ఇంకాస్త తక్కువ. వెనకవైపు బరువెక్కువై ముక్కు తేలికైతే వేగంగా పోయేటప్పుడు ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. అది కారునూ ఊపేస్తుంది. నాకు ఎంత చదివినా సగమే అర్థమైన ఈ సంగతిని నాన్న రెండు ముక్కల్లో తేల్చేశారు.

‘‘బండిలో మూటలు ముందుకేస్తే కాడి ఎద్దుల మెడను అణగదొక్కుతుంది. వెనక్కేస్తే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పడుతుంది. ఇరుసు మీద తూకంగా నిలిపి, రవ్వంత ముందుకు వాలనీయల్ల. ఇంతే గదా?’’

ఇంతే!

కాగితాల కథ

ఆర్టీఓ ఆఫీసులో పనిచేసి రిటైరైన మా దూరపు బంధువు ఒకాయనకు ఫోను చేశాం. ఆయన ట్రాక్టరు ఉదాహరణ చెప్పారు. ‘‘ట్రాక్టరుకో నంబరు, ట్రాలీకో నంబరు ఉంటుంది కదమ్మా... దీనికీ అంతే. మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రైలర్ కూడా వాహనమే. రిజిస్ట్రేషన్, బీమా విడిగా కావాలి’’ అన్నారు. 1988 నాటి ఆ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని మనిష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. పాత వ్యాను కొని షెడ్డులో ఇల్లు కట్టించుకుందామనే వాళ్లకు అడ్డుపడేది అదే. కాబట్టి ముందు ‘కాగితాలు చూపించండి’ అనాలి, ఆ తర్వాతే కర్టెన్ల రంగు. మరొక్క మాట కూడా ఆయన గట్టిగా చెప్పారు. బండి కదులుతున్నప్పుడు ట్రైలర్ లోపల పిల్లలే కాదు, ఎవరూ కూర్చోకూడదు. అందరూ కారులోనే, బెల్టు పెట్టుకునే.

ముగ్గుపిండి ఇల్లు

కాటా దెబ్బకు ఇరవై రెండు అడుగులు పదిహేనుకు, పదిహేను పన్నెండుకు దిగొచ్చాయి. కానీ పన్నెండు అడుగుల్లో బతగ్గలమా? బొమ్మలు చూస్తే ఏమీ తెలియదు. తయారీదారులు ఇచ్చే బొమ్మల్లో మనుషులుండరు, ఉన్నా నవ్వుతూ ఉంటారు.

ఉగాదికి కుప్పం వెళ్లినప్పుడు నాకో ఆలోచన వచ్చింది. నాన్న వాకిట్లో ముగ్గుపిండితో పన్నెండడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పున గీతలు గీశాను. ఇక్కడ మంచం, ఇక్కడ పొయ్యి, ఇక్కడ టేబుల్, ఇదిగో గుమ్మం... ‘‘రెండు రోజులు ఈ గీత దాటకుండా ఉందాం’’ అన్నాను. పిల్లలకు అదో ఆట. పైన టార్పాలిన్ కట్టాం.

మొదటి రోజు పొద్దుటే ఒకటి తెలిసింది. ఒకరు నిలబడితే ఇంకొకరు కూర్చోవాల్సిందే. మధ్యాహ్నానికి రెండోది తెలిసింది. ఎండ. టార్పాలిన్ కింద నిలవలేకపోయాం. రేకు పెట్టె అయితే చెప్పేదేముంది! గోడల మధ్య వేడిని ఆపే ఫోమ్ ఎంత మందం ఉందో, గాలి ఇటు నుంచి అటు ఆడుతుందో లేదో చూడాలని అప్పుడు రాసుకున్నాం.

అసలు సంగతి రాత్రికి బయటపడింది. చిన్న ట్రైలర్లలో టేబుల్ పగలు టేబులే, రాత్రి దాని పలకను కిందికి దించితే మంచం. బొమ్మలో ఎంత తెలివైన ఏర్పాటో! కానీ రాత్రి తొమ్మిదింటికి మా ఆయనకు అమెరికా మీటింగు. అదే తొమ్మిదింటికి పిల్లలు ఆ మంచం మీద పడుకోవాలి. ‘‘ష్... మాట్లాడొద్దు’’ అని ఆయన, ‘‘నిద్రొస్తోంది నాన్నా’’ అని వాడు. ముగ్గుగీతల మధ్యే చిన్న యుద్ధం జరిగింది. పాప దిండు చంకన పెట్టుకుని లేచి, గీత దాటి, వసారాలో తాతయ్య మంచం పక్కన పడుకుంది. దాని వెనకే వాడూ. అర్ధరాత్రి చూస్తే నేనూ అక్కడే ఉన్నాను!

సెలవులకు వెళ్లే ట్రైలర్ వేరు, పని చేసుకునే ట్రైలర్ వేరు. సెలవుల్లో మంచాలెన్ని అన్నది లెక్క. పనికైతే కదలని టేబుల్ ఒకటి, వెన్ను నిలిపే కుర్చీ ఒకటి, మూసుకునే తలుపు ఒకటి ఉన్నాయా అన్నది లెక్క. రెండూ ఒకే పెట్టెలో కావాలంటే అది పెద్దదవుతుంది. పెద్దదైతే పెద్ద ఎద్దులు కావాలి.

కరెంటు, సిగ్నలు, ఏనుగులు

కరెంటు లెక్క కూడా ఆ వసారాలోనే తేల్చుకున్నాం. ఆయన లాప్‌టాప్, స్క్రీను కలిపి రోజుకు ముప్పావు యూనిట్ దాకా, నా లాప్‌టాప్, రౌటరు, లైట్లు ఇంకో అర యూనిట్, తక్కువ కరెంటు లాగే రెండు ఫ్యాన్లు పది గంటలు తిరిగితే అర యూనిట్ పైన, చిన్న ఫ్రిజ్ మరో అర. మొత్తం రోజుకు దాదాపు రెండున్నర యూనిట్లు. ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే 150 ఆంపియర్ల బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. అందులో సగమే వాడుకుంటే అది ఎక్కువకాలం బతుకుతుంది. అంటే మూడు బ్యాటరీలు... ఒక్కోటీ యాభై కిలోలకు పైనే! లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలు చాలా తేలిక, ఎక్కువ భాగం వాడుకోవచ్చు. ధర మాత్రం బరువు. కప్పు మీద 500 వాట్ల సోలార్ పలక ఉంటే మంచి ఎండలో రెండు యూనిట్ల దాకా వస్తుంది. టన్ను ఏసీ గంటకే దాదాపు యూనిట్ తింటుంది. ఆ రాత్రే ఏసీని జాబితాలోంచి కొట్టేశాం.

సిగ్నలుకు కొత్త యంత్రాలేవీ కొనలేదు. రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములు పట్టుకుని వాకిలంతా తిరిగాం. టెంకాయ చెట్ల పక్కన ఓ మూల బాగా వచ్చింది. ట్రైలర్ కిటికీ ఎటు తిరగాలో ఆ మూలే నిర్ణయించింది.

ఇక సెలవుల సంగతి. హార్స్‌లీ కొండ నాలుగు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. ఆ మలుపుల్లో ట్రైలర్ లాక్కెళ్లడం కొత్తవాళ్ల పని కాదని అక్కడి జీపు డ్రైవర్లే చెప్పారు. కైగల్ జలపాతం మా దారిలోనే ఉంది, పగలు చూసి రావడానికి బాగుంటుంది. కానీ పలమనేరు, కుప్పం అడవులు కౌండిన్య అభయారణ్యం. అక్కడ ఏనుగులున్నాయి. పొలాల మీద పడే గుంపులను మళ్లించడానికి 2025 మేలో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులనే తెచ్చారు. అరటిపళ్ల వాసన, బెల్లం వాసన పసిగట్టే ఏనుగుకు మన రేకు పెట్టె ఎంత? అటవీశాఖ అనుమతి లేనిచోట రాత్రి బస మాటే తలపెట్టకూడదు.

అమెరికాలో 1962 నుంచే ఒక సంస్థ ట్రైలర్ల కోసం నీళ్లు, కరెంటు ఉండే బసలు నడుపుతోంది. మన దగ్గర కేరళ 2021లో కారవాన్ పర్యాటకం మొదలెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2025లో కారవాన్ విధానం ప్రకటించింది. రేపు మంచి బసలు రావచ్చు. కానీ మేం కొనాల్సింది ఈ రోజు రోడ్డుకు, ఈ రోజు అవసరానికి.

ఆ రాత్రి డైరీలో ఓ లెక్క రాశాను. మేం ఎంత సరదాపడినా ఏడాదిలో ట్రైలర్ రోడ్డెక్కేది పాతిక రోజులు. మిగతా 340 రోజులు అది నిలబడే ఉంటుంది... నాన్న వాకిట్లో.

పుంగనూరు ఆవంత ఇల్లు

మళ్లీ పుంగనూరు మీదుగా వస్తుంటే మా ఆయనే అన్నారు. ‘‘మనకు ఒంగోలు గిత్త కాదు, పుంగనూరు ఆవు చాలు.’’ మూడడుగులు కూడా మించని ఆవు అది. కొద్దిపాటి మేతతో, ఇరుకు దొడ్లో ఒదిగిపోతుంది. 2024 సంక్రాంతికి ప్రధాని వాటికి మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక దేశమంతా తెలిసింది కానీ, మా వైపు వాళ్లకు దాని విలువ ఎప్పుడో తెలుసు. ఇంటికి తగ్గ ఆవు!

చివరికి మేం కొన్నది పది అడుగుల ట్రైలర్. కాగితాలన్నీ ఉన్నది, బ్రేకులున్నది. డబ్బు ఇచ్చేముందు కాటా వేయించాం. ఖాళీ బరువు 530, నిండితే 750 దాటకూడదు. లోపల కదలని టేబుల్, దాని వెనక రాత్రి పడుకోవడానికి రెండు బల్లలు. వంటగట్టు వెనకవైపు, బయటికి తెరుచుకునేది. గ్రానైట్ లేదు! లాగడానికి మా బాబాయి కొడుకు జీపు. అది ఎంత లాగగలదో కంపెనీ వాళ్లను అడిగి రాయించుకున్నాం. ఏడాదికి నాలుగుసార్లు అడిగితే తమ్ముడు కాదనడు. పిల్లలకు పక్కన వేసుకునే గుడారం. మేడమంచం పోయిందని పాప రెండు రోజులు అలిగింది. గుడారం చూశాక మర్చిపోయింది.

ట్రైలర్‌లో బాత్రూము పెట్టించుకోలేదు. దానికయ్యే డబ్బుతో నాన్న బాత్రూము బాగు చేయించాం. జారని గచ్చు, గోడకు రెండు ఉక్కు పట్టీలు, కూర్చుని స్నానం చేసే అరుగు. మొదట్లో మా ఆశల జాబితాలో ఈ మాటే లేదు. ఇప్పుడనిపిస్తుంది, తొమ్మిది లక్షల్లో అన్నిటికన్నా మంచి ఖర్చు ఆ కొద్ది వేలేనని.

కొనాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. ముందు అది ఏడాదిలో ఎన్ని రోజులు నడుస్తుందో, ఎన్ని రోజులు నిలబడుతుందో రాసుకోండి. తర్వాత లాగే బండి. తర్వాత కాటా. ఆ తర్వాత ముగ్గుపిండి. అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లడం అన్నిటికన్నా చివర.

ఇప్పుడు మా ఆయన నెలలో పది పన్నెండు రోజులు కుప్పంలోనే. నేనూ పిల్లలూ శుక్రవారాలు వెళ్తాం, సెలవులిస్తే అక్కడే. ట్రైలర్ టెంకాయ చెట్ల మూలన, సిగ్నలు వచ్చే వైపు ముఖం పెట్టుకుని నిలబడి ఉంటుంది. పదకొండింటికి నాన్న కిటికీ మీద తట్టి కాఫీ గ్లాసు అందిస్తారు. మీటింగులో ఉంటే మాట్లాడకుండా కిటికీ అంచున పెట్టి వెళ్లిపోతారు. ఈ వేసవిలో అందరం కలిసి హార్స్‌లీ కొండ కింద తెలిసినవాళ్ల తోటలో మూడు రాత్రులు ఉన్నాం. కొండెక్కింది మాత్రం జీపులోనే, ట్రైలర్‌ను కిందే వదిలి. ‘మూడు దినాలైతే వస్తా’ అన్న మాట ప్రకారం నాన్న కూడా వచ్చారు. ఆవును పక్కింటి పిన్నికి అప్పగించి!

బాత్రూములో ఓ బెల్లు కూడా పెట్టించాం. నొక్కితే ట్రైలర్‌లో టేబుల్ మీద మోగుతుంది. పెట్టిన వారానికే మోగింది. అమెరికా వాళ్లతో మాట్లాడుతున్న మా ఆయన చెవుల్లోవి పీకి పారేసి, చెప్పులైనా లేకుండా పరిగెత్తారు. తలుపు దగ్గర నాన్న తువాలు భుజాన వేసుకుని తాపీగా నిలబడి ఉన్నారు.

‘‘ఏం లేదులే అల్లుడూ... మోగుతుందో లేదో చూస్తి!’’